ధరల పట్టిక చేతబట్టుకుని కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో ఆరు రోజులు

మేడ్చల్ దగ్గర మా నాన్నగారికి ఆరెకరాల అనాబ్-ఏ-షాహీ ద్రాక్ష తోట ఉండేది. రాతి కడీలు పాతి, వాటిపై ఇనుప తీగలు పరిచి వేసిన పందిరి కింద మా బాల్యమంతా గడిచింది. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో మరొకసారి కత్తిరింపు, బూజు తెగులు రాకుండా బోర్డో మిశ్రమం, వేసవి మొదట్లో కోత. ఇవన్నీ మా చేతిలో ఉండేవి. ధర మాత్రం మా చేతిలో ఉండేది కాదు. తెల్లవారుజామున లారీలో నగరానికి పంపిన పండుకు ఎంత పలికిందో సాయంత్రం కమీషన్ ఏజెంటు చీటీ వస్తేనే తెలిసేది. పక్క తోట రైతుకు అదే రోజు అదే పండుకు ఎంత వచ్చిందో అడిగినా నిజం చెప్పేవారు తక్కువ. నాన్నగారి లెక్కల పుస్తకంలో బుట్టల సంఖ్య నిండుగా ఉండి, ధర గడి ఖాళీగా ఉన్న పుటలు ఎన్నో ఉన్నాయి.

అందువల్లనే ఫ్రీమాంట్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఒక రోజు ఫోనులో కాలిఫోర్నియా ద్రాక్ష క్రష్ నివేదిక గురించి చెప్పినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. వైన్ కోసమో రసం కోసమో ద్రాక్ష కొని పిండే ప్రతి సంస్థా ఏ రకం ఎన్ని టన్నులు కొన్నదో, ఏ ధరకు కొన్నదో, అందులో చక్కెర ఎంత ఉన్నదో ప్రభుత్వానికి తెలియజేయాలని ఆ రాష్ట్ర చట్టం నిర్దేశిస్తుంది. రాష్ట్రాన్ని పదిహేడు ధరల జిల్లాలుగా విభజించి, ఆ లెక్కలను ఏటా ఫిబ్రవరిలో మొదటి నివేదికగానూ, ఆ తరువాత కొన్ని వారాలకు తుది నివేదికగానూ ప్రకటిస్తారు. 2023 పంట నివేదికను అచ్చు వేయించుకుని, 2024 సెప్టెంబరులో నేను అక్కడికి వెళ్ళాను. పట్టికలోని అంకెలు పుట్టే చోటును కళ్ళారా చూడాలన్నదే నా కోరిక.

మొదటి రోజు, సెప్టెంబరు 16

రాత్రి ఒంటిగంటకు బయలుదేరి మూడు గంటలకల్లా కార్నెరోస్ చేరుకున్నాము. సాన్ పాబ్లో అఖాతానికి ఉత్తరాన, నాపా కౌంటీలోనూ సొనోమా కౌంటీలోనూ విస్తరించిన మిట్టపల్లాల నేల ఇది. సముద్రం మీది చల్లగాలి నేరుగా ఇక్కడికే వస్తుంది గనుక షార్డొనే, పీనో న్వార్ అనే వైన్ ద్రాక్ష రకాలు ఇక్కడ ఎక్కువ. మేనల్లుడి సహోద్యోగికి తెలిసిన ఒక తోట నిర్వాహకుడు మమ్మల్ని వరుసల చివర నిలబడి చూడనిచ్చాడు.

కోత చూసిన మొదటి పది నిమిషాలు నేను మాట్లాడలేకపోయాను. తలకు దీపాలు కట్టుకున్న ఇరవై మంది, ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చినవారు, వంకర కత్తితో గుత్తిని ఒక్క వేటున కోసి కింది తొట్టెలో వేస్తూ దాదాపు పరుగెడుతున్నారు. నిండిన తొట్టెను భుజానికెత్తుకుని ట్రాక్టరు వెనుక ఉన్న అరటన్ను పెట్టెలో కుమ్మరిస్తున్నారు. ఆ పెట్టె అంచున ఇద్దరు స్త్రీలు నిలబడి ఆకులనూ కుళ్ళిన గుత్తులనూ ఏరివేస్తున్నారు. రాత్రిపూటే ఎందుకంటే, చల్లగా ఉన్న పండు గట్టిగా ఉండి, రసం కారక, దారిలో పులియడం మొదలుకాకుండా వైన్ తయారుచేసే వైనరీకి చేరుతుంది. మా తోటలో కూడా ఎండ ముదరకముందే కోసేవాళ్ళం, కానీ అది తినే పండు. చూపుకు చెడకూడదన్నదే మా భయం. ఇక్కడ పండు రూపాన్ని ఎవరూ పట్టించుకోరు. మా పండుతో పోలిస్తే గింజ చిన్నది, తొక్క మందం, విత్తనాలు ఎక్కువ; మా అమ్మ చూస్తే ఇది పాడైన కాపు అనుకునేది.

తెల్లవారాక 29వ నంబరు రహదారి మీదుగా ఉత్తరానికి వెళ్ళి ఓక్‌విల్ దగ్గర ఆగాము. అక్కడ కాబర్నే సోవిన్యాన్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష ఇంకా తీగల మీదే ఉన్నది. చాలా తోటల్లో కోతకు మరికొన్ని రోజుల వ్యవధి ఉన్నది. నివేదికలో నాపా నాలుగో జిల్లా. 2023లో ఈ జిల్లాలో కాబర్నే సగటు ధర టన్నుకు దాదాపు 9 వేల డాలర్లు. అమెరికా టన్ను 907 కిలోలే కాబట్టి, అప్పటి మారకపు విలువతో కిలో సుమారు 830 రూపాయలు. అదే జిల్లాలో, అదే రహదారి పక్కన పండిన తెల్ల వైన్ రకాలు షార్డొనే, సోవిన్యాన్ బ్లాంక్‌లకు అందులో సగం కూడా రాదు. నేల ఒకటే, నీరు ఒకటే, కూలి కూడా ఒకటే. రకం మారితే ధర మారిపోతుంది. అందుకే ఈ లోయలో రైతులు మెర్లో అనే మరో రకపు పాత తీగలు పీకి కాబర్నే నాటుతూ వచ్చారు. వైన్ వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉన్నది: టన్ను ద్రాక్షకు ఎన్ని డాలర్లు ఇచ్చారో అందులో నూరో వంతు సీసా ధర అయితే గిట్టుబాటవుతుందంటారు. ఆ లెక్కన 9 వేల ద్రాక్ష 90 డాలర్ల సీసా కావాలి. సీసా మీద నాపా లోయ పేరు వేయాలంటే అందులో 85 శాతం ద్రాక్ష ఆ లోయదే అయి ఉండాలనే నిబంధన ఉన్నది గనుక, బయటి ద్రాక్ష తెచ్చి కలిపి ఆ పేరుతో అమ్మడానికి చోటు చాలా తక్కువ.

అయితే నాపా ధరకు రకమూ పేరూ మాత్రమే కారణాలు కావని నాకు అక్కడ నిలబడినప్పుడు తోచింది. శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి గంటన్నర దూరంలో ఉన్న ఈ లోయలో ఇళ్ళ స్థలాలు ఎందుకు వెలవలేదు? 1968లో నాపా కౌంటీ ఈ లోయను వ్యవసాయ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. అమెరికాలో ఇటువంటిది ఇదే మొదటిది. భూమిని 20 ఎకరాల కంటే చిన్న ముక్కలుగా విడగొట్టరాదని అప్పుడు నిర్ణయించి, తరువాత ఆ పరిమితిని 40 ఎకరాలకు పెంచారు. ప్రజల ఓటు లేకుండా ఆ వ్యవసాయ భూమి వినియోగాన్ని మార్చకూడదని 1990లో ఓటర్లే తీర్మానించారు. 2008లో ఆ నిబంధనను 2058 వరకు పొడిగించారు. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఏ-షాహీ పందిళ్ళు పరచుకుని ఉన్న నేలను, మా ఆరెకరాలతో సహా, ఇప్పుడు ప్లాట్ల నంబర్లతో గుర్తుపట్టవలసి వస్తున్నది. బోర్లు ఎండిపోవడం, కూలీలు దొరకకపోవడం నిజమే. కానీ తోట నిలబడటానికి చట్టం కూడా నీరంత అవసరమని నేను ఓక్‌విల్‌లో తెలుసుకున్నాను.

రెండో రోజు, సెప్టెంబరు 17

మయకామాస్ కొండలు దాటి సొనోమా వెళ్ళాము. మారిన్ కౌంటీతో కలిపి ఇది మూడో జిల్లా. ఇక్కడ పట్టిక తలకిందులవుతుంది: పీనో న్వార్ టన్నుకు సుమారు 4 వేల డాలర్లు పలికితే, కాబర్నే దానికి తక్కువ. రష్యన్ నది పొడవునా ఉదయం పది దాటినా పొగమంచు విడవలేదు. పెటలూమా దగ్గర తీరపు కొండల మధ్య ఉన్న సందు గుండా పసిఫిక్ చలిగాలి లోపలికి చొరబడుతుంది. వైన్ రకాల్లో తొక్క పల్చగా ఉండే పీనో న్వార్ ఎండకు వాడిపోయే రకం. చలి ఉన్నచోటే దానికి సువాసన నిలుస్తుందని ఒక రైతు చెప్పి, ఒక గింజ నలిపి నా అరచేతిలో పెట్టాడు. రసం రంగులేకుండా ఉన్నది. ఎర్రని వైన్‌కు రంగు తొక్కనుంచి వస్తుందని పుస్తకాల్లో చదివినా, చేతిలో చూసినప్పుడే నమ్మకం కలిగింది.

మూడో రోజు, సెప్టెంబరు 18

ఈ రోజు తోటలు లేవు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సగం రోజు గడిపాము. ధరల పటం వెనుక ఉన్న ఉష్ణోగ్రతల పటం ఇక్కడే పుట్టింది. 1944లో అమెరిన్, వింక్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ప్రతి రోజు సగటు ఉష్ణోగ్రత 50 ఫారన్‌హీట్ డిగ్రీలకు పైన ఎంత ఉన్నదో కూడి, రాష్ట్రాన్ని ఐదు మండలాలుగా విభజించారు. సముద్రానికి దగ్గరైన చల్లని చోట్లు మొదటి మండలం, ఫ్రెస్నో వంటి వేడి మైదానాలు ఐదో మండలం. నా దగ్గరి ధరల పట్టికను ఆ పటం పక్కన పెట్టి చూస్తే, వేడి పెరిగిన కొద్దీ దిగుబడి పెరిగి ధర పడిపోవడం దాదాపు అంతటా కనిపిస్తుంది.

వేడి మైదానాల రైతుల కోసం ఇక్కడే హెరాల్డ్ ఓల్మో అనే శాస్త్రవేత్త రూబీ కాబర్నే, రూబిరెడ్ వంటి రకాలను సృష్టించాడు. రూబిరెడ్‌లో గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది, దాన్ని రంగు కోసం వాడతారు. కాబర్నే సోవిన్యాన్ తల్లిదండ్రులు కాబర్నే ఫ్రాంక్, సోవిన్యాన్ బ్లాంక్ అని 1997లో జన్యు పరీక్షలతో నిరూపించింది కూడా ఈ ప్రాంగణం వారే. నాపాలో సోవిన్యాన్ బ్లాంక్ కన్నా మూడు రెట్లు పలికే పండు ఆ సోవిన్యాన్ బ్లాంక్ సంతానమే అన్న విషయం నన్ను చాలాసేపు ఆలోచనలో ఉంచింది.

నాలుగో రోజు, సెప్టెంబరు 19

లోడై పదకొండో జిల్లా. ఈ యాత్రలో నేను ఎక్కువసేపు నిలబడిన చోటు, బాధపడిన చోటు ఇదే.

మొకలమ్నీ నది తెచ్చి పోసిన ఇసుక కలిసిన ఒండ్రు నేల ఇది. వేళ్ళను తినే ఫిలోక్సెరా పురుగుకు ఇసుక నేల పడదు కాబట్టి, అంటు కట్టకుండా సొంత వేళ్ళ మీదే నిలిచిన తీగలు ఇక్కడ ఉన్నాయి. 1886లో నాటిన సాంసో అనే ఎర్ర రకం తోట ఒకటి నేను వెళ్ళిన నాటికి ఇంకా నిలిచి ఉన్నది. పందిరి గానీ ఇనుప తీగ గానీ లేకుండా, నడుము ఎత్తున చిన్న చెట్ల వలె నిలబడిన, జిన్‌ఫండెల్ అనే ఎర్ర రకపు పాత మొదళ్ళు మా ఊరి చింత మానులను గుర్తు చేశాయి. ఒకప్పుడు లోడైకి పేరు తెచ్చింది ఫ్లేమ్ టోకే అనే తినే ద్రాక్ష. అమెరికాలో మద్యనిషేధం ఉన్న కాలంలో ఇంట్లో కొంత వైన్ చేసుకోవడానికి అనుమతి ఉండటంతో, ఇక్కడి ద్రాక్షను రైలు పెట్టెల్లో తూర్పు నగరాలకు పంపేవారు. మిన్నెసోటా నుంచి ఆ వ్యాపారం కోసమే ఇక్కడికి తరలివచ్చిన ఒక ఇటాలియన్ కుటుంబంలోని కుర్రవాడే తరువాత నాపాకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన రాబర్ట్ మొండావి.

పట్టణానికి పడమట ఒక వృద్ధ రైతు తన పద్దెనిమిది ఎకరాల జిన్‌ఫండెల్ చూపించాడు. గుత్తులు నల్లగా మాగి, కొన్ని గింజలు ముడతలు పడి, తేనెటీగలు మూగుతున్నాయి. చక్కెర సరిపోయి పది రోజులయిందట. కొనేవారు లేరు. ఎన్నో ఏళ్ళుగా కొంటున్న వైనరీ ఈ ఏడాది ఒప్పందాన్ని పునరుద్ధరించలేదు. ఈ జిల్లాలో జిన్‌ఫండెల్ సగటు వెయ్యి డాలర్ల లోపేనని పట్టికలో చూపిస్తూ నేను, “ఈ ధరకైనా ఎవరూ తీసుకోరా?” అని అడిగించాను. మేనల్లుడు ఆయన మాట నాకు తెలుగులో చెప్పాడు: “ధర తక్కువైతే నష్టానికి అమ్ముకోవచ్చు మామయ్యా, అడిగేవాడే లేనప్పుడు పట్టికలో అంకెతో ఏం పని అంటున్నాడు.”

ఆ మాటను నేను కాదనలేకపోయాను, కానీ పూర్తిగా ఒప్పుకోనూ లేదు. జిల్లా సగటు ధర ఇక్కడ ఒప్పందాలకు ఆధారం. ముందటి ఏడాది సగటుకు ఇంత ఎక్కువనో తక్కువనో రాసుకుని, ఏటా నివేదిక రాగానే సరిచూసుకునే ఒప్పందాలు చాలా ఉన్నాయి. బ్యాంకులు అప్పు ఇచ్చేటప్పుడు ఆ అంకెనే చూస్తాయి. నివేదికలో సగటు మాత్రమే కాదు, ఒక జిల్లాలో ఒక రకం ఎన్ని టన్నులు ఏ ఏ ధరకు అమ్ముడయ్యాయో, ఎంత చక్కెరకు ఎంత అదనంగా ఇచ్చారో, ఎంత తగ్గించి ఇచ్చారో పేర్లు లేకుండా వరుసగా ఉంటుంది. తన సరుకు ఆ వరుసలో ఎక్కడ నిలిచిందో రైతు ఇంట్లో కూర్చుని చూసుకోగలడు. నాన్నగారి చేతిలో ఇటువంటి కాగితం ఒక్కటి ఉండి ఉంటే ఏజెంటు ముందు ఆయన గొంతు వేరుగా ఉండేది. అయితే తాగేవారు తగ్గి, గోదాముల్లో పాత వైన్ నిలవ ఉండిపోయిన ఏడాదిలో, ఆ కాగితం రైతును కాపాడలేదన్నది ఆ పద్దెనిమిది ఎకరాలు చూశాక నేను మరచిపోలేని సత్యం.

ఊరి చుట్టూ పీకేసిన తీగల గుట్టలు చాలా చోట్ల కనిపించాయి. లోడై ఉన్న శాన్ వాకీన్ లోయలో వ్యవసాయ వ్యర్థాలను తగలబెట్టడంపై 2025 జనవరి 1 నుంచి దాదాపు పూర్తి నిషేధం రానుండటంతో, కాల్చదలచుకున్న రైతులకు అప్పుడు అదే చివరి అవకాశం. ఆ తరువాత వాటిని యంత్రంతో ముక్కలు చేయించాలి, దానికి మరింత ఖర్చు.

ఐదో రోజు, సెప్టెంబరు 20

99వ నంబరు రహదారిపై దక్షిణానికి బయలుదేరాము. స్టాక్టన్ దగ్గర నాలుగో నంబరు రహదారి అడ్డు వచ్చింది. అదే పదకొండు, పన్నెండు జిల్లాలకు సరిహద్దు. దానికి ఉత్తరాన పండితే ఒక సగటు, దక్షిణాన పండితే మరొక సగటు. రోడ్డు దాటుతూ నేను ఇరువైపులా చూశాను. నేలలో నాకు భేదం కనిపించలేదు.

మూడు గంటల ప్రయాణం తరువాత ఫ్రెస్నో, అంటే పదమూడో జిల్లా. రాష్ట్రంలో పిండే ద్రాక్షలో దాదాపు మూడో వంతు ఈ ఒక్క జిల్లాదే. నాపా వాటా సుమారు నాలుగు శాతం. 2023 పట్టికలో ఇక్కడ అన్ని రకాల సగటు టన్నుకు 300 నుంచి 400 డాలర్ల మధ్య. కాబర్నే కూడా 500 లోపే, అంటే నాపా ధరలో ఇరవయ్యో వంతు దరిదాపుల్లో. కొలంబార్డ్, రూబిరెడ్ వంటి రకాలను రాత్రిపూట యంత్రాలు వరుస మీదుగా నడుస్తూ దులిపి కోస్తాయి. మనిషి చేయి పండును తాకదు. నాపాలో ఎకరాకు మూడు నాలుగు టన్నులు వస్తే చాలునంటారు, ఇక్కడ పన్నెండు పదిహేను టన్నులు రాకపోతే ఖర్చులు వెళ్ళవు. అంత పండినా ఎకరం రాబడి నాపా ఎకరంలో ఆరో వంతో ఏడో వంతో ఉంటుంది.

సెల్మా చుట్టుపక్కల మాత్రం నా మనసు తేలికపడింది. అక్కడివి థాంసన్ సీడ్‌లెస్ తోటలు, మన వైపు రైతులందరికీ తెలిసిన రకం. వరుసల మధ్య చదును చేసిన నేల మీద కాగితాలు పరిచి గుత్తులు ఆరబోశారు. ఎండ బాగా తగలాలని వరుసలను తూర్పు పడమరలుగా నాటుతారు. రెండు మూడు వారాల్లో పచ్చని గింజ గోధుమ రంగు కిస్‌మిస్ అవుతుంది. సుమారు నాలుగున్నర టన్నుల పండు ఎండితే ఒక టన్ను కిస్‌మిస్ వస్తుంది. ఆ వాసన పిలవగా నేను కారు దిగి చాలాసేపు వరుసల్లో నడిచాను.

తోట యజమాని పంజాబీ పెద్దాయన. నేను హైదరాబాదు మనిషినని తెలియగానే హిందీలో మాట కలిపి, “భాయీ సాబ్, ముందు చాయ్, తరువాత ద్రాక్ష” అంటూ షెడ్డులోకి తీసుకెళ్ళాడు. థాంసన్‌కు మూడు దారులున్నాయని ఆయన వివరించాడు: తినడానికి పంపవచ్చు, ఎండబెట్టవచ్చు, లేదా పిండించవచ్చు. పిండే థాంసన్ కూడా క్రష్ నివేదికలో కిస్‌మిస్ రకాల కింద నమోదవుతుంది. కిస్‌మిస్ ధర తక్కువగా ఉన్న ఏడాది ఆయన రసానికి ఇచ్చేవాడు, రసానికి ధర లేని ఏడాది ఎండబెట్టేవాడు. సెప్టెంబరులో వాన పడుతుందేమోనని ఆకాశం వైపు చూస్తూ బ్రతికే ఆ మనిషి మొహంలో నాకు నాన్నగారు కనిపించారు. మా పందిరి గురించి, ఏడాదికి రెండు కత్తిరింపుల గురించి చెబితే ఆయన ఆశ్చర్యపోయాడు. ఇక్కడ తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. మన ఉష్ణ దేశపు తీగకు ఆ నిద్ర లేదు గనుక కత్తెరతోనే దానికి రుతువును కల్పించాలి.

ఆరో రోజు, సెప్టెంబరు 21

తిరుగు ప్రయాణం. పచేకో కనుమ మీదుగా ఫ్రీమాంట్ చేరేసరికి మధ్యాహ్నమైంది. దారిలో మేనల్లుడు కారు నడుపుతుంటే నేను పట్టిక అంచుల్లో పెన్సిలుతో చూసినవన్నీ రాసుకున్నాను.

2025 ఫిబ్రవరిలో, హైదరాబాదులో మా ఇంట్లో, 2024 పంట నివేదికను తెరిచాను. రాష్ట్రం మొత్తం మీద పిండిన వైన్ ద్రాక్ష సుమారు 28 లక్షల టన్నులు. ముందటి ఏడాది దాదాపు 37 లక్షలు, 2018లో దాదాపు 43 లక్షలు. ఇంత తక్కువ పంట నమోదు కావడం అప్పటికి ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. 2024 జూలై ఆ రాష్ట్ర చరిత్రలోనే అత్యంత వేడి నెల కావడంతో గింజ బరువు కొంత తగ్గింది. కానీ తగ్గినదంతా ఎండ వల్ల తగ్గలేదు. ఆ నివేదిక పిండిన ద్రాక్షను మాత్రమే లెక్కిస్తుంది.

పదకొండో జిల్లా జిన్‌ఫండెల్ వరుసను వెతికి పట్టుకున్నాను. లోడై రైతు ఆ పంటను కోయలేదనీ, జనవరిలో తీగలు పీకించేశాడనీ మేనల్లుడు అప్పటికే ఫోనులో చెప్పాడు. ఆ వరుస పక్కన ఖాళీ అంచులో “పద్దెనిమిది ఎకరాలు, కోయలేదు” అని రాసి, కాగితాన్ని నాన్నగారి లెక్కల పుస్తకంలో పెట్టాను.